నాలుగు వేల జన్యువులకు పేర్లు పెట్టడం: నా అనుభవం

ఏ, టి, జి, సి. డీఎన్‌ఏలోని ఈ నాలుగు అక్షరాలే నలభై లక్షలకు పైగా, మధ్యలో ఒక్క ఖాళీ గానీ విరామం గానీ లేకుండా. నేలలోంచి మేం వేరుచేసిన ఒక బాసిల్లస్ బాక్టీరియా జీనోమ్, అంటే దాని డీఎన్‌ఏ మొత్తం, నా చేతికి ఈ రూపంలోనే వచ్చింది. ఇందులో జన్యువులు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తున్నాయో గుర్తించాలి, ఒక్కో జన్యువు ఏ పని చేస్తుందో రాయాలి. ఈ పనినే అనొటేషన్ అంటారు. "దానికి సాఫ్ట్‌వేర్ ఉంది కదా?" అని చాలామంది అడుగుతుంటారు. ఉంది. ప్రోకా ఉంది, బక్టా ఉంది, ఎన్‌సీబీఐ వాళ్ల పీజీఏపీ ఉంది. మామూలు ల్యాప్‌టాప్ మీద కూడా ప్రోకా కాసేపట్లోనే జన్యువుల జాబితా మొత్తం ఇచ్చేస్తుంది. నేను చెప్పబోయేది ఆ జాబితా వచ్చిన తర్వాత చేసిన పని గురించి. అసలు పని అక్కడే మొదలైంది.

డీఎన్‌ఏను చదవడం (సీక్వెన్సింగ్), చదివిన ముక్కలను కలపడం (అసెంబ్లీ) గురించి ఎక్కువ రాయను. యంత్రం ఒక విడతలో చదివిన ముక్కను రీడ్ అంటారు. పొడవైన రీడ్లూ పొట్టి రీడ్లూ రెండూ తీసుకున్నాం. బాసిల్లస్ జాతి బాక్టీరియాల్లో ప్రోటీన్లను తయారుచేసే రైబోసోమ్‌కు కావలసిన ఆర్‌ఎన్‌ఏ జన్యువుల గుంపు దాదాపు ఒకేలా ఉండే ప్రతులుగా చాలాచోట్ల ఉంటుంది. ల్యాబుల్లో ప్రామాణికంగా వాడే బాసిల్లస్ సబ్టిలిస్ 168 అనే రకంలో అలాంటివి పది. ఒక్కో ప్రతి పొడవు అయిదు వేల అక్షరాల దాకా ఉంటుంది కాబట్టి, పొట్టి రీడ్లతోనే కలపబోతే జీనోమ్ ఆ చోట్లలో తెగిపోతుంది. పొడవైన రీడ్లు ఆ గుంపును ఈ చివర నుంచి ఆ చివర దాకా దాటేస్తాయి. అలా మాకు ఒకే వలయం దొరికింది. పొడవైన రీడ్లలో ఒకే అక్షరం వరసగా వచ్చేచోట లెక్క తప్పే అవకాశం ఉంది కాబట్టి పొట్టి రీడ్లతో సరిచూశాం. ఈ సరిచూడటం ఎంత అవసరమో తర్వాత తెలిసింది. ఒక్క అక్షరం ఎక్కువైనా తక్కువైనా జన్యువును మూడేసి అక్షరాలుగా విడదీసి చదివే వరస, అంటే ఫ్రేమ్, మారిపోతుంది, ఒక జన్యువు రెండు ముక్కలుగా కనిపిస్తుంది.

ఇక జన్యువులను గుర్తించడం. డీఎన్‌ఏను మూడేసి అక్షరాలుగా చదవాలి. ఎక్కడ మొదలుపెడతామన్నదాన్ని బట్టి ఒక పోగుకు మూడు రకాలుగా, ఎదుటి పోగుకు మరో మూడు రకాలుగా, మొత్తం ఆరు ఫ్రేములలో చదవొచ్చు. ఈ మూడక్షరాల గుంపులే కోడాన్లు. మొత్తం అరవై నాలుగు కోడాన్లలో మూడు, అంటే టీఏఏ, టీఏజీ, టీజీఏ, ఆగమని చెప్పేవి. అక్షరాలు యాదృచ్ఛికంగా పడి ఉంటే సగటున ఇరవై ఒక్క కోడాన్లకొకసారి ఆగాల్సి వస్తుంది. మూడు వందల కోడాన్ల దాకా ఎక్కడా ఆగకుండా చదవగలిగితే అక్కడ ప్రోటీన్ ఉండే అవకాశం బాగా ఎక్కువ. స్ట్రెప్టోమైసిస్ లాంటి బాక్టీరియాల్లో జి, సి అక్షరాలు డెబ్బై శాతానికి పైగా ఉంటాయి. ఆగే కోడాన్లలో టి, ఏ ఎక్కువ కాబట్టి అవి అక్కడ అరుదు. అందువల్ల ఏ ప్రోటీనూ లేనిచోట కూడా పొడవాటి ఫ్రేములు కనిపించి తికమకపెడతాయి. మా బాసిల్లస్‌లో జి, సి వాటా సగం కన్నా తక్కువే, ఆ బెడద పెద్దగా రాలేదు.

ముగింపు ఎక్కడో చెప్పడం తేలిక, ఆగే కోడాన్ కనిపిస్తే చాలు. మొదలు ఎక్కడో చెప్పడమే కష్టం. ఏటీజీ ఒక్కటే మొదలు అనుకుంటే కుదరదు. బాసిల్లస్ సబ్టిలిస్‌లో సుమారు 78 శాతం జన్యువులు ఏటీజీతో, 13 శాతం టీటీజీతో, 9 శాతం జీటీజీతో మొదలవుతాయి. ఒకే ఫ్రేమ్‌లో ఇలాంటివి నాలుగైదు వరసగా కనిపిస్తాయి. వాటిలో అసలు మొదలు ఏదో ప్రోడిగల్ అనే ప్రోగ్రామ్ అంచనా వేస్తుంది. రైబోసోమ్ వచ్చి పట్టుకునే ఏజీజీఏజీజీ లాంటి వరస ముందు ఉందా, ఉంటే ఎంత దూరంలో ఉంది అని చూస్తుంది. బాసిల్లస్‌లో ఈ వరస బలంగా ఉంటుంది కాబట్టి అంచనా చాలావరకు సరిపోతుంది. అయినా కణం బయటికి పంపే ఎంజైముల విషయంలో నేను ఒక్కోటీ విడిగా చూశాను. అలాంటి ప్రోటీన్ తలభాగంలో సిగ్నల్ పెప్టైడ్ ఉండాలి. మొదలును ఇరవై కోడాన్లు ముందుకో వెనక్కో తప్పుగా గుర్తిస్తే ఆ సిగ్నల్ కప్పబడిపోతుంది, లేదా తెగిపోతుంది. అప్పుడు బయటికి పోయే ప్రోటియేజ్ (ప్రోటీన్లను కత్తిరించే ఎంజైమ్) కాస్తా లోపలే ఉండే ప్రోటియేజ్‌గా రికార్డులోకి ఎక్కుతుంది. చుట్టపు జాతుల ప్రోటీన్లను పక్కపక్కన పేర్చి, అన్నిటి తలలూ ఎక్కడ కలుస్తున్నాయో చూడటం ఒక్కటే నాకు నమ్మకంగా అనిపించిన దారి.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ కట్టిపడేసిన జన్యువు పీఆర్‌ఎఫ్‌బీ. ఇది రిలీజ్ ఫ్యాక్టర్ 2 అనే ప్రోటీన్‌ను తయారుచేస్తుంది. రైబోసోమ్ టీఏఏ దగ్గరో టీజీఏ దగ్గరో ఆగినప్పుడు, తయారైన ప్రోటీన్ గొలుసును విడుదల చేసేది ఈ ప్రోటీనే. అది లేకుండా బాక్టీరియా బతకడం కష్టం. ప్రోగ్రామ్ ఇచ్చిన జాబితాలో మాత్రం మా పీఆర్‌ఎఫ్‌బీ ఆలస్యంగా మొదలవుతోంది. చుట్టపు జాతుల ప్రోటీన్‌తో పోలిస్తే మొదటి పాతిక అమైనో ఆమ్లాల దాకా లేవు. దాని ముందున్న డీఎన్‌ఏలోకి వెళ్లి చూస్తే ఆ తలభాగం ఉంది. రైబోసోమ్ పట్టుకునే వరస ఉంది, ఏటీజీ ఉంది. కానీ అది వేరే ఫ్రేమ్‌లో ఉంది, కొద్ది కోడాన్లకే టీజీఏ వచ్చి ఆగిపోతోంది. ఒక అక్షరం దాటి పక్క ఫ్రేమ్‌లోకి వెళ్తే మిగిలిన ప్రోటీన్ మొత్తం చక్కగా సాగుతోంది.

చూడగానే కలిగే అనుమానం సీక్వెన్సింగ్ తప్పేమోనని. రీడ్లను తెర మీద చూపించే ఐజీవీ అనే ప్రోగ్రామ్‌లో ఆ చోటు తెరిచి, దాని మీద పడ్డ రీడ్లన్నిటినీ చూశాను. పొడవైనవీ పొట్టివీ అన్నీ ఒకే మాట చెబుతున్నాయి. అదనంగా ఉందనుకున్న అక్షరం నిజంగానే ఉంది. అప్పుడు దాని చుట్టూ ఉన్న వరసను చదివాను: సీటీటీ, టీజీఏ, సి. ఈ వరస దగ్గర జరిగేదాన్ని 1985లో ఈ.కోలైలో కనిపెట్టారు. రైబోసోమ్ సీటీటీ దాకా వచ్చి టీజీఏ ముందు నిలబడుతుంది. టీజీఏను గుర్తుపట్టి గొలుసును విడుదల చేయాల్సింది రిలీజ్ ఫ్యాక్టర్ 2. కణంలో అది సరిపడా ఉంటే వెంటనే వచ్చి పని ముగిస్తుంది, పాతిక అమైనో ఆమ్లాల పొట్టి ముక్క మాత్రమే తయారవుతుంది. అది తక్కువగా ఉంటే రైబోసోమ్ అక్కడే వేచి ఉండి, చివరికి ఒక అక్షరం ముందుకు జారి, టీజీఏకు బదులు జీఏసీ చదివి, కొత్త ఫ్రేమ్‌లో చివరిదాకా వెళ్తుంది. అంటే ఆ ప్రోటీన్ ఎంత ఉందో చూసుకుని తనను తానే తయారుచేసుకుంటుంది. చదువుకునేటప్పుడు దీన్ని పుస్తకంలో చూశాను. మా సొంత బాక్టీరియా డీఎన్‌ఏలో, నా తెర మీద, అదే ఏడు అక్షరాలు కనిపించినప్పుడు కలిగిన సంతోషం వేరు. జన్యువు మొదలును ముందుకు జరిపి, రెండు ఫ్రేములనూ కలిపి, రికార్డులో 'రైబోసోమల్ స్లిప్పేజ్' అని గుర్తు పెట్టాను. ఆ గుర్తు లేకపోతే తర్వాత చూసేవాళ్లు దాన్ని చెడిపోయిన జన్యువు అనుకుంటారు.

ఆ తర్వాత 'స్యూడోజీన్', అంటే చెడిపోయి పనిచేయని జన్యువు, అని ప్రోగ్రామ్ ముద్ర వేసిన ప్రతిదాన్నీ విడిగా తెరిచి చూశాను. చాలావాటిలో నిజంగానే మధ్యలో ట్రాన్స్‌పోజాన్, అంటే చోటు మార్చుకునే డీఎన్‌ఏ ముక్క, దూరి జన్యువును చీల్చింది. సిగ్మా-కే అనే ప్రోటీన్‌ను తయారుచేసే సిగ్‌కే జన్యువు విషయంలో చిక్కు ఇంకో రకంగా వచ్చింది. బాసిల్లస్ సబ్టిలిస్ 168లో ఈ జన్యువు రెండు ముక్కలుగా ఉంటుంది. మధ్యలో 48 వేల అక్షరాల 'స్కిన్' అనే భాగం ఉంటుంది. సిద్ధబీజం, అంటే గడ్డు పరిస్థితులను తట్టుకునే నిద్రాణ రూపం, తయారయ్యే సమయంలో, దాన్ని పెంచే తల్లి కణంలో మాత్రమే స్కిన్ కత్తిరించుకుని బయటికి పోతుంది, రెండు ముక్కలూ కలిసి పూర్తి జన్యువవుతాయి. తల్లి కణం ఎలాగూ చనిపోయేదే కాబట్టి సిద్ధబీజంలోని డీఎన్‌ఏకు ఏ మార్పూ ఉండదు. మా బాక్టీరియాలో స్కిన్ లేదు, సిగ్‌కే మొదటినుంచీ ఒకటిగానే ఉంది. 168 రికార్డులో ఆ రెండు ముక్కలకు వేర్వేరు పేర్లున్నాయి కాబట్టి, పోలిక చూసి పేరు తెచ్చే ప్రోగ్రామ్ మా పూర్తి జన్యువుకు సగం ముక్క పేరు తగిలించింది. అది కూడా మార్చాను.

పొడవైన జన్యువుల సంగతి ఇలా ఉంటే, పొట్టివాటిది వేరే కథ. ప్రోడిగల్ మామూలుగా తొంభై అక్షరాల కన్నా చిన్న జన్యువులను చూడదు. చూస్తే తప్పుడువి వేలకొద్దీ వచ్చిపడతాయి కాబట్టి ఆ హద్దు సబబే. కానీ సిద్ధబీజం తయారవడానికి తప్పనిసరైన స్పో5ఎమ్ అనే ప్రోటీన్‌లో ఉన్నవి ఇరవై ఆరు అమైనో ఆమ్లాలే. ఆగే కోడాన్‌తో కలిపి ఎనభై ఒక్క అక్షరాలు. ప్రోగ్రామ్ జాబితాలో అది రాలేదు, రావడానికి వీల్లేదు కూడా. మా బాక్టీరియా సిద్ధబీజాలు చేస్తుందని మైక్రోస్కోప్ కింద మేం చూశాం. అంటే స్పో5ఎమ్ ఎక్కడో ఉండి తీరాలి. 168లో అది రైబోసోమ్ ప్రోటీన్ ఎల్28 జన్యువు పక్కన ఉంటుంది. మా జీనోమ్‌లోనూ ఆ చోటికి వెళ్లి, ప్రోటీన్ వరసను నేరుగా డీఎన్‌ఏలో వెతికే టీబ్లాస్ట్ఎన్‌తో వెతికితే దొరికింది. అందుకే జాబితాలో ఏముందో చూసినంత శ్రద్ధగా, ఏం ఉండాల్సి ఉండీ లేదో కూడా చూడాలి. ఇరవై అమైనో ఆమ్లాలకూ టీఆర్‌ఎన్‌ఏలు ఉన్నాయా, రైబోసోమ్ ప్రోటీన్లన్నీ ఉన్నాయా, ముఖ్యమైన జీవక్రియల్లో ఏ మెట్టయినా ఖాళీగా ఉందా అని చూసుకుంటూ వెళ్లాను. ఖాళీ కనిపించినచోట రెండే అవకాశాలు: ఆ జన్యువు నిజంగా లేదు, లేదా ఉండి గుర్తుకు అందలేదు.

ఇక పని పేరు రాయడం. దీనిమీదే నా కాలం ఎక్కువ గడిచింది. పద్ధతి అందరికీ తెలిసిందే. మన ప్రోటీన్ వరసను తీసుకుని, ఇదివరకే తెలిసిన ప్రోటీన్లలో దేన్ని పోలి ఉందో వెతకాలి. బ్లాస్ట్ 1990 నుంచీ ఆ పని చేస్తోంది. పోలిక ఎంత బలమైనదో చెప్పడానికి ఈ-వాల్యూ అనే సంఖ్య ఇస్తుంది. ఇంత పెద్ద డేటాబేస్‌లో ఇంత మంచి పోలిక కాకతాళీయంగా ఎన్నిసార్లు రావొచ్చో ఆ సంఖ్య చెబుతుంది. అది సున్నాకు ఎంత దగ్గరగా ఉంటే ఆ రెండు ప్రోటీన్లూ చుట్టాలని అంత నమ్మొచ్చు. చుట్టాలైనంత మాత్రాన ఒకే పని చేయాలని లేదు. ఈ తేడాను గుర్తుంచుకోవడం వినడానికి తేలిగ్గా ఉంటుంది గానీ, వేల జన్యువులు వరసగా వస్తున్నప్పుడు ప్రతిసారీ ఆగి ఆలోచించడానికి ఓపిక కావాలి.

హిస్టిడిన్ కైనేజ్‌లనే తీసుకోండి. ఇవి బయటి పరిస్థితిని పసిగట్టి లోపలికి కబురు పంపే ప్రోటీన్లు. వీటిలో ఏటీపీని పట్టుకునే భాగం అన్నిటిలోనూ దాదాపు ఒకేలా ఉంటుంది, పసిగట్టే భాగం మాత్రం దేనికదే. బ్లాస్ట్ పోలిక అంతా ఆ ఒకేలా ఉండే భాగం మీదే పడి, ఈ-వాల్యూ అద్భుతంగా వస్తుంది. దాన్ని నమ్మి ఫాస్ఫేట్‌ను పసిగట్టే కైనేజ్ పేరు పెట్టేస్తే, అది నిజానికి ఇంకేదో పసిగట్టేది కావొచ్చు. అందుకని పోలిక ప్రోటీన్‌లో ఎంత మేర పడింది, ఏ డొమైన్ (ప్రోటీన్‌లో విడిగా పనిచేసే భాగం) మీద పడింది అని ఇంటర్‌ప్రోస్కాన్ అనే ప్రోగ్రామ్‌లో చూసి, పసిగట్టే భాగం కలవనిచోట 'హిస్టిడిన్ కైనేజ్' అని మాత్రమే రాశాను. ఏబీసీ ట్రాన్స్‌పోర్టర్లలోనూ అంతే చేశాను. కణంలోకి ఏదో ఒకటి తెస్తుందనో బయటికి పంపుతుందనో చెప్పగలను, ఏం తెస్తుందో చెప్పడానికి ఆధారం లేనిచోట దాన్ని వదిలేశాను.

ఇలా ఆచితూచి రాయడానికి కారణం ఉంది. ఒకరు పెట్టిన పేరు డేటాబేస్‌లోకి వెళ్తుంది. రేపు ఇంకొకరి జీనోమ్‌లో అలాంటి జన్యువు కనిపిస్తే, ఆ పేరే దానికీ అంటుకుంటుంది. తర్వాతివాళ్లు ఆ రెండో పేరును చూసి మూడోదానికి పెడతారు. ప్రయోగం ఎక్కడా ఉండదు, పేరు మాత్రం వందల జీనోమ్‌లలో ఉంటుంది. వందచోట్ల ఉంది కదా అని ఇంకా నమ్మబుద్ధేస్తుంది. 2009లో ప్యాట్రీషియా బాబిట్ బృందం 37 ఎంజైమ్ కుటుంబాలను తీసుకుని పెద్ద డేటాబేస్‌లలో పేర్లను పరిశీలించింది. మనుషులు చదివి సరిచూసే స్విస్-ప్రాట్‌లో తప్పులు దాదాపు లేవు. యంత్రాలు పేర్లు పెట్టే డేటాబేస్‌లలో మాత్రం తప్పులు చాలా ఎక్కువగా కనిపించాయి. అది చదివినప్పటినుంచి నేను ఏ పేరు చూసినా, దాని వెనక ఉన్న ఆధారం ఏమిటని యూనిప్రాట్ అనే ప్రోటీన్ల డేటాబేస్ రికార్డులోకి వెళ్లి చూస్తాను. ప్రయోగం చేసి తేల్చారా, పోలికతో రాశారా అన్నది అక్కడ ఉంటుంది. బాసిల్లస్ మీద పనిచేసేవాళ్లకు సబ్టివికీ అనే మరో మంచి వనరు ఉంది. ఒక్కో జన్యువు మీద జరిగిన పరిశోధన అంతా ఒకచోట దొరుకుతుంది.

పోలిక చాలనిచోట ఇరుగుపొరుగు సాయం చేస్తుంది. బాక్టీరియాలో ఒకే పనికి సంబంధించిన జన్యువులు తరచుగా పక్కపక్కనే ఉంటాయి, కలిసి చదవబడతాయి. ఒకటి ఆగే టీజీఏ, తర్వాతిది మొదలయ్యే ఏటీజీ ఒకదాని మీదొకటి పడి 'ఏటీజీఏ' అని నాలుగే అక్షరాల్లో ఉండటం కూడా చూస్తాం. మా జీనోమ్‌లో ఒక ఎంజైమ్ పోలికను బట్టి మ్యూకొనేట్ సైక్లోఐసోమరేజ్‌లా కనిపించింది. అది బెంజీన్ లాంటి వలయాలున్న (ఆరోమాటిక్) పదార్థాలను విచ్ఛిన్నం చేసే దారిలో వచ్చే ఎంజైమ్. నేల బాక్టీరియా కదా, అలాంటి పని చేయడంలో వింతేముంది అనిపిస్తుంది. పక్కన చూస్తే ఆ దారికి చెందిన మరో జన్యువు ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ కణకవచంలోని పెప్టైడ్ ముక్కలను లోపలికి తెచ్చుకుని విరగ్గొట్టేవి. 168లో ఇదే స్థానంలో వైకేఎఫ్‌బీ అనే జన్యువు ఉంటుంది. దాన్నీ ఒకప్పుడు మ్యూకొనేట్ కుటుంబపు ఎంజైమ్‌గానే అనుకున్నారు. 2001లో జాన్ గెర్ల్ట్ బృందం, పక్క జన్యువులు ఇచ్చిన ఆచూకీని పట్టుకుని, ప్రోటీన్‌ను తయారుచేసి పరీక్షించి, అది ఎల్-అలనిన్, గ్లుటమేట్‌ల డైపెప్టైడ్ ఎపిమరేజ్ అని తేల్చింది. మా జన్యువు, దాని పొరుగు, చురుకైన స్థానంలోని అమైనో ఆమ్లాలు వైకేఎఫ్‌బీతో కలిశాయి కాబట్టి ఆ పేరే రాశాను, 'పోలిక, పొరుగు ఆధారంగా' అని పక్కన నమోదు చేశాను.

ఇవన్నీ అయ్యాక కూడా ఏ పేరూ పెట్టలేని జన్యువులు బోలెడు మిగిలాయి. వాటికి 'హైపోథెటికల్ ప్రోటీన్' అని రాస్తారు. మా ల్యాబ్‌లో ఒకరు ఆ జాబితా చూసి, "ఇన్ని ఖాళీగా వదిలేస్తే బాగుండదేమో, ఆల్ఫాఫోల్డ్ నమూనాలు చూసి ఏదో ఒకటి రాయొచ్చు కదా" అన్నారు. ఆల్ఫాఫోల్డ్ ప్రోటీన్ వరసను బట్టి దాని ఆకారాన్ని అంచనా వేసే ప్రోగ్రామ్. నమూనాలు చూశాను. అది ఇచ్చిన ఆకారాన్ని, ఆకారాలను పోల్చే ఫోల్డ్‌సీక్‌లో వెతికితే, వరసలో ఏ పోలికా అందని దూరపు చుట్టాలు కూడా బయటపడ్డాయి. అది గొప్ప సాయం. కానీ ఒకే మడతను పదుల రకాల పనులకు వాడుకునే కుటుంబాలున్నాయి. అలాంటిచోట మడత పేరును వివరణలో రాశాను, పని పేరు జోలికి పోలేదు. మైకోప్లాస్మా నుంచి తయారుచేసిన జేసీవీఐ-సిన్3.0 అనే కృత్రిమ జీనోమ్‌లో ఉన్నవి 473 జన్యువులు, దాదాపు అన్నీ బతకడానికి కావలసినవే. 2016లో దాన్ని ప్రకటించినప్పుడు వాటిలో 149 ఏం చేస్తాయో తెలియదని శాస్త్రవేత్తలు స్పష్టంగా రాశారు. అంత చిన్న జీనోమ్‌లోనే అన్ని ఉన్నప్పుడు, నాలుగు వేల జన్యువుల్లో కొన్ని వందలకు తెలియదని రాయడానికి నేనెందుకు జంకాలి? తెలియదని రాసి ఉంటేనే ఎవరైనా దాని మీద ప్రయోగం మొదలుపెడతారు. తప్పుడు పేరున్న జన్యువు వైపు ఎవరూ చూడరు.

జీనోమ్‌లను అందరికీ అందుబాటులో ఉంచే జెన్‌బ్యాంక్ అనే డేటాబేస్‌కు పంపేముందు వాళ్ల ప్రోగ్రామ్ ఇచ్చే లోపాల జాబితా ఒకటి ఉంటుంది. ఒకదాని మీదొకటి పూర్తిగా పడ్డ జన్యువులు, ఒకే పేరుతో పక్కపక్కనే ఉన్న ముక్కలు, పేర్లలో అచ్చుతప్పులు, అన్నీ అందులో వస్తాయి. విసుగు పుట్టించే పనే గానీ దాన్ని పూర్తిగా చదవమని చెబుతాను. పీఆర్‌ఎఫ్‌బీ లాంటివి ఇంకెక్కడైనా మిగిలాయేమోనని పక్కపక్కనున్న ముక్కలన్నిటినీ ఆ జాబితా పట్టుకుని మరోసారి చూశాను.

తెలియనివాటిలో ఒకటి మమ్మల్ని ఇంకా వదల్లేదు. సిద్ధబీజం పైపొరను తయారుచేసే జన్యువుల మధ్య ఒక చిన్న జన్యువు ఉంది. దగ్గరి చుట్టపు జాతులన్నిటిలోనూ అదే చోట ఉంది, సిద్ధబీజాలు చేయని జాతుల్లో ఎక్కడా లేదు. మా ఆర్‌ఎన్‌ఏ-సీక్వెన్సింగ్‌లో అది సిద్ధబీజం ఏర్పడే చివరి దశలోనే చదవబడుతోంది. దాని ముందు సిగ్మా-కే పట్టుకుని జన్యువును చదివించే ప్రమోటర్‌లాంటి వరస కూడా కనిపిస్తోంది. ఇంత ఉన్నా రికార్డులో నేను రాసింది 'హైపోథెటికల్ ప్రోటీన్' అనే, ఈ ఆధారాలన్నీ వ్యాఖ్యలో చేర్చి. ఆ జన్యువును తొలగించిన రకాన్ని మా ల్యాబ్‌లో ఇప్పుడు తయారుచేస్తున్నారు. దాని సిద్ధబీజాలు వేడికి, కణకవచాన్ని కరిగించే లైసోజైమ్ అనే ఎంజైమ్‌కు తట్టుకుంటాయో లేదో చూశాకే ఆ పేరు మార్చాలా వద్దా అన్నది నిర్ణయిస్తాం.